4 టీబీ డిస్క్‌లో పార్టిషన్ 465 జీబీ అని చూపిస్తోంది, మౌంట్ కావట్లేదు (ఉబుంటు)

నాగావళి స్టూడియో, శ్రీకాకుళం:

అందరికీ నమస్కారం. శ్రీకాకుళంలో మాది చిన్న ఫొటో, వీడియో స్టూడియో. ఎడిటింగ్ అంతా ఉబుంటు 22.04లో, కేడెన్‌లైవ్ మీద చేస్తాను. పెళ్లిళ్లు, గృహప్రవేశాలే కాకుండా ఆమదాలవలస, పాలకొండ వైపు ఊళ్లలో తప్పెటగుళ్లు, జముకుల కథ జరిగినప్పుడల్లా వెళ్లి రికార్డు చేస్తుంటాను. అవన్నీ ఒకే 4 టీబీ హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి. 3.5 అంగుళాల డిస్క్, యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టి వాడేవాడిని. ఎక్స్‌టీ4 ఫార్మాట్.

మొన్న కరెంటు పోయి వచ్చేసరికి కేసింగ్ లైటు ఆరిపోయింది. 12 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టర్ కొత్తది పెట్టి చూశాను, వెలగలేదు. లోపలి బోర్డు పోయిందనుకుని డిస్క్ బయటికి తీసి, సీపీయూలో నేరుగా సాటా కేబుల్‌కి తగిలించాను. డిస్క్ తిరుగుతోంది, టిక్ టిక్ శబ్దాలేమీ లేవు. కానీ మౌంట్ చేయబోతే 'రాంగ్ ఎఫ్‌ఎస్ టైప్, బ్యాడ్ ఆప్షన్, బ్యాడ్ సూపర్‌బ్లాక్' అంటోంది. ఎల్‌ఎస్‌బీఎల్‌కేలో ఎస్‌డీబీ 3.6 టీ అని సరిగ్గానే ఉంది. కానీ ఎస్‌డీబీ1 మాత్రం 465.8 జీ! జీపార్టెడ్ అయితే ఆ పార్టిషన్ 'అన్‌నోన్' అని, మిగతా 3.18 టీ ఖాళీ అని చూపిస్తోంది.

ఎఫ్‌డిస్క్ చెప్పింది ఇది. మొత్తం సెక్టార్లు 7,81,40,37,168. సెక్టార్ సైజు లాజికల్ 512, ఫిజికల్ 4096. డిస్క్‌లేబుల్ టైప్ డాస్. ఎస్‌డీబీ1 స్టార్ట్ 256, సెక్టార్లు 97,67,54,390.

ఊళ్లో ఒక షాపులో చూపిస్తే 'పార్టిషన్ పోయింది, ఫార్మాట్ కొట్టి రికవరీ సాఫ్ట్‌వేర్ పెడదాం' అన్నారు. నాకు ధైర్యం చాలక వెనక్కి తెచ్చేసుకున్నాను. ఆ తప్పెటగుళ్ల బృందంలో పెద్దాయన ఇప్పుడు లేరు. గుండెల మీద తప్పెట కట్టుకుని ఆయన పాడినది ఈ డిస్క్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. పెళ్లివాళ్లకు ఇవ్వాల్సిన రెండు ఆల్బమ్‌ల వీడియోలూ ఇందులోనే ఉన్నాయి. చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు దయచేసి దారి చూపించండి.

టెక్కలి కుర్రాడు:

అన్నా, ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్ సిస్టమ్‌లో తప్పులు సరిచేసే కమాండ్) మైనస్ వై కొట్టి చూడండి. అవ్వకపోతే బ్యాకప్ సూపర్‌బ్లాక్ 32768 ఇచ్చి ట్రై చెయ్యండి. అదీ కాకపోతే టెస్ట్‌డిస్క్ పెట్టి అనలైజ్ చేసి, దొరికిన పార్టిషన్‌ని రైట్ కొట్టేయడమే.

గంటస్తంభం, విజయనగరం:

స్టూడియో తమ్ముడూ, ముందు ఒక్క మాట. ఆ డిస్క్ మీద ఇప్పుడు ఏదీ రాయకు. ఎఫ్‌ఎస్‌సీకే వద్దు, టెస్ట్‌డిస్క్‌లో రైట్ వద్దు, జీపార్టెడ్ ఏదైనా 'ఫిక్స్' చేస్తానంటే వద్దు. నువ్వు పెట్టిన అంకెలు చూస్తే నీ డేటా ఉన్నచోటే ఉంది. పోయింది కేసింగ్ బోర్డు మాత్రమే.

ఎందుకంటే చెబుతాను. డిస్క్ తన జాగాని సెక్టార్లనే చిన్న ముక్కల్లో లెక్కపెడుతుంది. నీ పార్టిషన్‌లో ఉన్న 97,67,54,390 సెక్టార్లకి ముందున్న 256 కలుపు. 97,67,54,646 వస్తుంది. దాన్ని ఎనిమిదితో గుణించు. సరిగ్గా 7,81,40,37,168. నీ డిస్క్ మొత్తం సెక్టార్ల లెక్క అదే, ఒక్కటి కూడా తేడా లేదు. పాడైపోయిన పార్టిషన్ టేబుల్‌లో (ఏ పార్టిషన్ ఎక్కడ మొదలై ఎంత ఉందో రాసిన చిట్టా) ఇలా కుదరడం జరగదు. టేబుల్ నిక్షేపంగా ఉంది, దాన్ని చదివే కొలత మారిందంతే.

పాత డాస్ పద్ధతి పార్టిషన్ టేబుల్‌లో సెక్టార్ల సంఖ్య రాయడానికి 32 బిట్లే ఉంటాయి. అంటే 4,29,49,67,296 దాటి లెక్కపెట్టలేదు. సెక్టార్ 512 బైట్లయితే 2.2 టీబీ దగ్గర ఆగిపోతుంది. 32 బిట్ విండోస్ ఎక్స్‌పీకి జీపీటీ అనే కొత్త పద్ధతి టేబుల్ తెలియదు కాబట్టి, ఆ రోజుల్లో కొన్ని కేసింగ్‌లు చేసినవాళ్లు ఒక ఉపాయం పన్నారు. లోపలి డిస్క్ 512 లెక్కన ఇచ్చినా, బోర్డు మాత్రం కంప్యూటర్‌కి 'నావి 4096 బైట్ల సెక్టార్లు' అని చెబుతుంది. అప్పుడు పాత టేబుల్‌తోనే 17.6 టీబీ దాకా నడుస్తుంది. నీ కేసింగ్ చేసిందీ అదే. ఇప్పుడు ఆ బోర్డు మధ్యలో లేదు, డిస్క్ తన సొంత 512 లెక్క చెబుతోంది. కుంచానికి ఎనిమిది తవ్వలు కదా. కుంచాల్లో రాసిన ధాన్యం చిట్టాని కెర్నల్ ఇప్పుడు తవ్వలనుకుని చదువుతోంది. అందుకే పార్టిషన్ ఎనిమిదో వంతు అయిపోయింది, మొదలు కూడా తప్పు చోట పడింది. అసలు మొదలు 256 ఇంటూ 4096, అంటే 10,48,576వ బైటు. ఇప్పుడు వెతుకుతున్నది 1,31,072వ బైటు దగ్గర. అక్కడ సూపర్‌బ్లాక్, అంటే ఫైల్ సిస్టమ్ తన వివరాలు రాసుకునే చోటు, ఎక్కడిది?

టెక్కలి తమ్ముడూ, నువ్వు సాయం చేద్దామనే చెప్పావు. కానీ మొదలే తప్పు చోట ఉన్నప్పుడు అక్కణ్నుంచి 32768 బ్లాకులు లెక్కపెట్టుకుని వెళ్లినా బ్యాకప్ సూపర్‌బ్లాక్ దొరకదు. టెస్ట్‌డిస్క్ అసలు పార్టిషన్‌ని కనిపెట్టినా, 512 లెక్కన ఆ 3.6 టీని డాస్ టేబుల్‌లో రాయడానికి చోటే లేదు. అక్కడ రైట్ కొడితే సరిగ్గా ఉన్న టేబుల్‌ని మనమే చెరిపినట్టవుతుంది.

ఇంకో మంచి విషయం. రెడీమేడ్ ఎక్స్‌టర్నల్ డిస్కులు కొన్నింటిలో బోర్డే డేటాని ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. అలాంటి బోర్డు పోతే కష్టం. నీ డిస్క్‌లో టేబుల్ చక్కగా చదవబడుతోంది కాబట్టి ఆ భయం లేదు.

ఇప్పుడు చేయాల్సింది. ఫోన్‌లో తెలుగు కీబోర్డు మీద రాస్తున్నాను, కమాండ్లు టెర్మినల్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టుకో. ముందు ఎల్‌ఎస్‌బీఎల్‌కేతో మోడల్, సైజు చూసి అది ఎస్‌డీబీయేనా అని ఖాయం చేసుకో. బూట్ అయినప్పుడల్లా ఈ పేర్లు మారుతుంటాయి. తర్వాత డిస్క్‌కి తాళం వెయ్యి:

సుడో బ్లాక్‌డెవ్ --సెట్‌ఆర్‌ఓ /డెవ్/ఎస్‌డీబీ

నేను చెప్పింది నిజమో కాదో నీ కళ్లతో నువ్వే చూడు. ఎక్స్‌టీ4 సూపర్‌బ్లాక్‌లో గుర్తు రెండు బైట్లుంటుంది, పార్టిషన్ మొదలు నుంచి 1080 బైట్ల తర్వాత. అంటే డిస్క్ మీద 10,49,656 దగ్గర:

సుడో డీడీ ఐఎఫ్=/డెవ్/ఎస్‌డీబీ బీఎస్=1 స్కిప్=1049656 కౌంట్=2 | ఎక్స్‌ఎక్స్‌డీ

'53 ఈఎఫ్' అని వచ్చిందంటే నీ ఫైల్ సిస్టమ్ అక్కడే కూర్చుని ఉన్నట్టు. ఐఎఫ్, ఓఎఫ్ తారుమారు కాకుండా చూసుకో. ఎంటర్ కొట్టేముందు ఒకసారి గట్టిగా చదువుకో.

అది వచ్చాక, చచ్చిపోయిన బోర్డు చేసే పనిని లూప్ డివైస్‌తో (ఉన్న డిస్క్‌నే ఇంకో డిస్క్‌లా చూపించే సాఫ్ట్‌వేర్ డివైస్) చేయిద్దాం:

సుడో లోసెటప్ --రీడ్-ఓన్లీ --సెక్టార్-సైజ్ 4096 --పార్ట్‌స్కాన్ --ఫైండ్ --షో /డెవ్/ఎస్‌డీబీ

ఉబుంటులో స్నాప్‌లు చాలా లూప్ నంబర్లు వాడేసుకుంటాయి, కాబట్టి నీకు లూప్17 లాంటిదేదో వస్తుంది. దాని చివర పీ1 చేర్చి మౌంట్ చెయ్యి:

సుడో మౌంట్ -ఓ ఆర్‌ఓ,నోలోడ్ /డెవ్/లూప్17పీ1 /ఎంఎన్‌టీ

నోలోడ్ మర్చిపోవద్దు. కరెంటు పోయినప్పుడు డిస్క్ హఠాత్తుగా ఆగింది కాబట్టి జర్నల్‌లో (ఫైల్ సిస్టమ్ చేయబోయే రాతల చిట్టా) పూర్తికాని పనులు ఉండొచ్చు. రీడ్ ఓన్లీలో అది రాయలేదు కనుక, నోలోడ్ లేకపోతే మౌంట్ చేయనని మొండికేస్తుంది. సరిగ్గా కరెంటు పోయే వేళకి కాపీ అవుతున్న ఫైల్ ఏదైనా ఉంటే అది సగంలో ఉండొచ్చు, పాతవాటికి ఢోకా లేదు.

మౌంట్ అవ్వగానే స్మార్ట్‌సీటీఎల్ (డిస్క్ ఆరోగ్యం చెప్పే కమాండ్) మైనస్ ఏ కొట్టి 5, 197, 198 వరుసలు ఇక్కడ పెట్టు. పెద్దాయన పాట ముందు ఇంకో చోటికి చేరాలి, తర్వాతే మిగతా కబుర్లు.

బొబ్బిలి బీఎస్‌డీ:

అక్కా, చాలా బాగా చెప్పారు. ఫ్రీబీఎస్‌డీ వాడేవాళ్లకి ఇదే పని జీనాప్ చేస్తుంది: జీనాప్ క్రియేట్ -ఎస్ 4096 /డెవ్/ఏడీఏ1 (ఈ -ఎస్ పెద్దక్షరం) అంటే ఏడీఏ1.నాప్ అని 4096 సెక్టార్ల డివైస్ తయారవుతుంది.

ఒక సందేహం. అసలు మొదలు 10,48,576 అని తెలిసింది కదా, అంటే 512 లెక్కన సెక్టార్ 2048. జీపీటీ టేబుల్ రాసేసి 2048 నుంచి చివరిదాకా ఒక పార్టిషన్ పెట్టేస్తే లూప్ గొడవ లేకుండా శాశ్వతంగా సరిపోదా?

గంటస్తంభం, విజయనగరం:

ఆలోచన సరైనదే, ఇబ్బంది చివర్లో ఉంది. జీపీటీ తన రెండో కాపీని డిస్క్ ఆఖరి 33 సెక్టార్లలో పెడుతుంది. పైన లెక్కలో చూశాం కదా, ఈ పార్టిషన్ డిస్క్ చిట్టచివరి సెక్టార్‌దాకా ఉంది. అంటే ఆ 33 సెక్టార్లు ఇప్పటికే ఫైల్ సిస్టమ్‌వి. ముందు రీసైజ్2ఎఫ్‌ఎస్‌తో కొన్ని బ్లాకులు తగ్గించి, ఆ తర్వాత జీపీటీ రాయాలి. చేయొచ్చు. కానీ ఉన్న ఏకైక కాపీ మీద ఈ పని చేయమని నేను ఎవరికీ చెప్పను.

అదే మోడల్ కేసింగ్ ఇంకోటి కొంటే సరిపోతుందా అని అడిగేవాళ్లుంటారు. కొత్తవి చాలావరకు 512నే చూపిస్తాయి. బయట పేరు ఒకటే ఉన్నా లోపల చిప్ మారిపోయి ఉండొచ్చు. డబ్బు పెట్టేముందు ఆలోచించుకోవాలి.

పలాస:

మేడమ్, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాకూ ఇలాంటిదే వచ్చింది. 3 టీబీ డిస్క్‌ని పాత డాకింగ్ స్టాండ్‌లో పెడితే 746.5 జీ అనే వస్తోంది. సీపీయూలో పెడితే బాగానే ఉంది. డాక్‌లో పెట్టినప్పుడు 'బ్యాకప్ జీపీటీ టేబుల్ లేదు, ఫిక్స్ చేయనా' అంటోంది. ఇదీ 4096 కథేనా?

గంటస్తంభం, విజయనగరం:

కాదండీ, మీది వేరు. 3 టీబీ డిస్క్‌లో 5,86,05,33,168 సెక్టార్లు. అందులోంచి 4,29,49,67,296 తీసేస్తే మిగిలేది 1,56,55,65,872. అది 801 జీబీ, ఎల్‌ఎస్‌బీఎల్‌కే లెక్కన 746.5. మీ డాక్‌లోని చిప్‌కి 32 బిట్ల మించి సెక్టార్ నంబర్లు తెలియవు, పైన మిగిలిందే చూపిస్తోంది. ఫిక్స్ నొక్కకండి. నొక్కితే డిస్క్ మధ్యలో, మీ ఫైళ్ల మీద, రెండో జీపీటీ రాసేస్తుంది. 2 టీబీ దాటిన డిస్క్ ఏదీ ఆ డాక్‌లో పెట్టకండి. చిన్న డిస్కులకి పనికొస్తుంది.

నాగావళి స్టూడియో, శ్రీకాకుళం:

అక్కా! 53 ఈఎఫ్ వచ్చింది! మీరు చెప్పినట్టే లూప్ తీసుకుని మౌంట్ అయింది. ఫోల్డర్లన్నీ ఉన్నాయి. పెద్దాయన వీడియో తెరిచి చూశాను, గజ్జెల మోత, ఆయన గొంతు, అన్నీ ఉన్నాయి. మా ఇంట్లో అందరూ వచ్చి చూశారు. ఆ ఫోల్డర్‌ని వెంటనే సీపీయూలోని ఎస్ఎస్‌డీలోకి, ఇంకో పెన్ డ్రైవ్‌లోకి తీసేశాను.

స్మార్ట్‌లో 5 దగ్గర 0, 197 దగ్గర 8, 198 దగ్గర 0. ఈ 8 ఏటి?

కొత్త 4 టీబీ డిస్క్ కూడా తెచ్చాను. మామూలుగా ఎక్స్‌టీ4 ఫార్మాట్ చేసి డీఎఫ్ కొడితే, ఒక్క ఫైల్ లేకుండానే 3.4 టీ అవైలబుల్ అంటోంది. పాతది నిండుగా ఉంది, దీనిలో పడుతుందా?

గంటస్తంభం, విజయనగరం:

ఎంత సంతోషంగా ఉందో తమ్ముడూ! ఆ వీడియో మూడు చోట్ల ఉంది ఇప్పుడు, హాయిగా నిద్రపో.

197 అంటే చదవబోతే రాని సెక్టార్లు. లాజికల్ సెక్టార్లు ఎనిమిది కలిస్తే ఒక ఫిజికల్ సెక్టార్ కదా, కాబట్టి ఆ 8 నిజానికి ఒకే చోట దెబ్బ. కరెంటు పోయిన క్షణంలో రాస్తున్న సెక్టార్ అయి ఉండొచ్చు. ఇవాళ రేపట్లో కాపీ పూర్తిచేసెయ్యి. ఆర్‌సింక్ వాడు, ఒక ఫైల్ దగ్గర ఎర్రర్ వచ్చినా మిగతావి కాపీ చేస్తుంది. ఎర్రర్ వచ్చిన ఆ ఒక్క ఫైల్‌ని తర్వాత డీడీరెస్క్యూతో, మ్యాప్‌ఫైల్ పెట్టి తీసుకో. వీడియో ఫైల్‌లో 4 కేబీ పోతే ఒకటి రెండు ఫ్రేములు చెదురుతాయి తప్ప ఫైల్ మొత్తం పోదు.

రెండు డిస్కులూ సాటా మీదే ఉంటే 4 టీబీకి ఏడెనిమిది గంటలు పట్టొచ్చు. కొత్తదాన్ని యూఎస్‌బీ 2.0 పోర్టుకి పెడితే ఒక రోజు దాటిపోతుంది, నీలం రంగు పోర్టు చూసుకో. సీపీయూని యూపీఎస్ మీద పెట్టకుండా మాత్రం మొదలుపెట్టకు. మన వైపు ఈ కాలంలో గాలివాన వస్తే కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. తిత్లీ వచ్చిన 2018 అక్టోబరు సంగతి మీ జిల్లావాళ్లకి నేను చెప్పాలా.

ఇక కొత్త డిస్క్ జాగా. దాని మీద ఇంకా ఏమీ వేయలేదు కదా, మళ్లీ ఫార్మాట్ చెయ్యి. ఎక్స్‌టీ4 మామూలుగా చేస్తే నూటికి ఐదు వంతులు రూట్ కోసం పక్కన పెట్టేస్తుంది. 4 టీబీలో అది 200 జీబీ. సిస్టమ్ ఉండే డిస్క్‌కి అది కావాలి, వీడియోలు దాచుకునే డిస్క్‌కి అక్కర్లేదు. అంతేకాదు, ప్రతి 16 కేబీకి ఒక ఐనోడ్ (ఒక్కో ఫైల్ వివరాలు రాసుకునే గడి) చొప్పున, ఒక్కోదానికి 256 బైట్లు ముందే కేటాయిస్తుంది. అంటే డిస్క్‌లో 64వ వంతు, దగ్గర దగ్గర 62 జీబీ. నీ ఫైళ్లు జీబీల్లో ఉంటాయి, అన్ని కోట్ల ఐనోడ్లు నీకెందుకు? ముందు పార్టెడ్‌లో ఎంకేలేబుల్ జీపీటీ చెయ్యి, 1 ఎంఐబీ నుంచి 100 శాతం దాకా ఒక పార్టిషన్ పెట్టు, తర్వాత:

సుడో ఎంకేఎఫ్ఎస్.ఎక్స్‌టీ4 -ఎం 0 -టీ లార్జ్‌ఫైల్ -ఎల్ స్టూడియో2 /డెవ్/ఎస్‌డీసీ1

ఈ టీ పెద్దక్షరం, ఎల్ కూడా. లార్జ్‌ఫైల్ అంటే ఎంబీకి ఒక ఐనోడ్. ఐనోడ్ల సంఖ్యని తర్వాత పెంచుకోలేవు కాబట్టి, లక్షల్లో చిన్న ఫొటోలు పెట్టే డిస్క్‌కి మాత్రం ఇది వాడకు. నీ స్టిల్ ఫొటోలు ఒక్కోటి నాలుగైదు ఎంబీలుంటాయి కాబట్టి సరిపోతుంది. కమాండ్ కొట్టేముందు అది ఎస్‌డీసీయేనా అని మళ్లీ చూసుకో, ఈ ఒక్క కమాండ్ దగ్గర తొందరపడొద్దు.

నాగావళి స్టూడియో, శ్రీకాకుళం:

అయింది అక్కా. ఇప్పుడు డీఎఫ్‌లో 3.7 టీ అవైలబుల్ చూపించింది, పాతది మొత్తం పట్టేసింది. ఒక పెళ్లి క్లిప్ దగ్గర ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్ వచ్చింది, డీడీరెస్క్యూతో తీశాను. తలంబ్రాల దగ్గర చిన్న చుక్కలు పడ్డాయి, రెండో కెమెరా షాట్‌తో కప్పేస్తాను. ఆర్‌సింక్‌ని మైనస్ ఎన్, మైనస్ సీతో మళ్లీ నడిపి పోల్చాను, ఆ క్లిప్ తప్ప తేడాలేమీ లేవు. షాపులో ఫార్మాట్ చేయించి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే భయమేస్తోంది. మీ రుణం తీర్చుకోలేను. విజయనగరం వస్తే తప్పకుండా కలుస్తాను.

టెక్కలి కుర్రాడు:

నేనూ నేర్చుకున్నాను అక్కా. ఒకటి అడగనా? ఇప్పుడు జీపీటీ పెట్టారు కదా, ఈ కొత్త డిస్క్‌ని రేపు 4096 చూపించే కేసింగ్‌లో పెడితే ఇబ్బంది ఉండదా?

గంటస్తంభం, విజయనగరం:

ఉంటుంది, మంచి ప్రశ్న. జీపీటీ 2.2 టీబీ హద్దుని దాటిస్తుంది కానీ అది కూడా సెక్టార్లలోనే లెక్క రాసుకుంటుంది. 512లో దాని హెడర్ 512వ బైటు దగ్గర ఉంటుంది, 4096 చూపించే బోర్డు వెనకపెడితే కెర్నల్ 4096వ బైటు దగ్గర వెతుకుతుంది, దొరకదు. డేటాకి ఏమీ కాదు, మళ్లీ నేరుగా సాటాకి పెడితే కనిపిస్తుంది. కనిపించలేదని ఫార్మాట్ కొట్టకుండా ఉంటే చాలు.

ఏ కేసింగ్ కొన్నా, డేటా వేయకముందే అందులో పెట్టి సుడో బ్లాక్‌డెవ్ --గెట్‌ఎస్‌ఎస్ కొట్టి చూడండి. 512 వస్తే వాడుకోండి. 4096 వస్తే ఆ సంగతి డిస్క్ మీద స్టిక్కర్ అంటించి మార్కర్‌తో రాసి పెట్టండి. స్టూడియో తమ్ముడూ, పాత డిస్క్‌ని మొత్తం ఒకసారి సున్నాలతో నింపి 197 మళ్లీ చూడు. అది 0కి దిగి, 5వ వరుస (పాడైతే బదులు సెక్టార్‌కి మార్చినవాటి లెక్క) పెరగకపోతే రెండో కాపీకి వాడుకో. 5 పెరుగుతూ పోతే మాత్రం పెళ్లివాళ్లకి ఫైళ్లు మోసుకెళ్లడానికి కూడా వాడకు.